ఆయిల్ ఇంజను మాటిమాటికీ ఆగిపోతున్నదా?

పైరుకు ఏ దశలో ఎంత నీరు కావలెనో చెప్పడం సేద్యశాస్త్రం పని. ఆ నీటిని మడిలోకి చేర్చడం పంపుసెట్టు పని. రెండవది జరుగనప్పుడు మొదటిది ఎంత బాగా తెలిసినా ప్రయోజనం లేదు. అందుచేత ఈసారి పైరును కొంచెంసేపు పక్కన ఉంచి, దానికి నీరు తోడిపెట్టే ఆయిల్ ఇంజనును గురించి తెలుసుకొందాము.

విద్యుత్తు మోటార్లు ఇంతగా పెరిగిన ఈ రోజులలో కూడా కాలువ చివరి భూములలోను, మురుగు కాలువల నుండి నీరు ఎత్తిపోసుకొనే చోట్లను, కరెంటు లైను చేరని పొలాలలోను ఆయిల్ ఇంజనే రైతుకు ఆధారం. అది అసలే నడువకపోతే రైతు వెంటనే మెకానిక్కును పిలుస్తాడు. చిక్కంతా మరొక రకం ఇంజనుతోనే. అది నడుస్తుంది, అరగంటకు ఆగుతుంది. హ్యాండిల్ వేస్తే మళ్ళీ నడుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. "ఎట్లాగో నడుస్తున్నది గదా" అనుకొంటూనే రోజులు గడచిపోతాయి.

దీనివలన జరిగే నష్టం ఎంతో లెక్క వేసి చూడండి. ఒక ఎకరానికి 5 సెంటీమీటర్ల లోతున నీరు పెట్టవలెనంటే సుమారు 2 లక్షల లీటర్ల నీరు కావలెను. సెకనుకు 10 లీటర్లు పోసే పంపు గంటకు 36,000 లీటర్లు పోస్తుంది. ఆ లెక్కన ఎకరం తడవడానికి సుమారు ఐదున్నర గంటలు పడుతుంది. ఇంజను రెండు గంటలు ఆగి ఉంటే 72,000 లీటర్ల నీరు, అంటే ఎకరంలో మూడవ వంతుకు పైగా, బాకీ పడుతుంది. వంతుల ప్రకారం నీరు వదిలే కాలువ కింద పోయిన వంతు మళ్ళీ రాదు. వరి చిరుపొట్ట దశ నుండి పాలు పోసుకొనే వరకు, మొక్కజొన్న జల్లు, పీచు వేసేటప్పుడు, వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరేటప్పుడు నీటి ఎద్దడికి తట్టుకోలేవు. ఆ రోజులలో తప్పిన తడికి తరువాత ఎన్ని తడులు పెట్టినా సరిరాదు.

ఆగడం రోగం కాదు, లక్షణం

మనిషికి జ్వరం వస్తే అది లోపలి రోగానికి గుర్తు. ఇంజను ఆగిపోవడం కూడ అట్లాంటిదే. కారణం వెదకకుండా హ్యాండిల్ వేసి మళ్ళీ మళ్ళీ నడపడం వలన రెండు విధాల నష్టం కలదు. మొదటిది: లోపల మండని డీజిలు సిలిండరు గోడలపైనున్న ఇంజనాయిలు పొరను కడిగివేసి కిందికి దిగుతుంది. ఇంజనాయిలు పలుచబడి పిస్టను, రింగులు, బేరింగులు త్వరగా అరుగుతాయి. కొలపుల్ల తీసి చూచినప్పుడు ఇంజనాయిలు మట్టం తగ్గవలసింది పోయి పెరిగినట్లు కనబడినా, డీజిలు వాసన కొట్టినా ఇదే జరుగుతున్నదని గ్రహించండి. ఆ ఆయిలును మార్చేవరకు ఇంజను నడుపరాదు. రెండవది: వేడెక్కి ఆగిన ఇంజనును బలవంతంగా తిప్పితే చిన్న మరమ్మతుతో పోయేది పెద్ద ఖర్చుకు దారి తీస్తుంది.

ఇంకొందరు ఆగగానే కనబడిన నట్టునల్లా పానాతో విప్పుతారు. నాజిల్ మారుస్తారు, డీజిలు పంపు మారుస్తారు. రోగమొకటి, మందొకటి అయినప్పుడు డబ్బు పోతుంది, రోగం మిగులుతుంది. కావలసినది క్రమం. సులభమైన దానిని ముందు, కష్టమైన దానిని తరువాత చూడవలెను. ఒకసారి ఒక్క మార్పే చేసి, ఫలితం చూచిన పిమ్మటనే రెండవ దానికి పోవలెను.

ఇంజనుకు కావలసినవి నాలుగు

జర్మనీ దేశస్థుడైన రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపించిన ఇంజను సూత్రమే నేటి మన పొలం ఇంజనులోను ఉన్నది. దీనిలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. పిస్టను పైకి వచ్చినప్పుడు సిలిండరులోని గాలి బాగా నొక్కుకొనిపోయి మిక్కిలి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీకు తెలిసినదే. ఆ వేడి గాలిలోకి నాజిల్ సన్నని తుంపరగా డీజిలు చల్లగానే అది దానంతట అదే మండుతుంది.

కాబట్టి ఇంజను ఆగకుండా నడవడానికి కావలసినవి నాలుగే: తగినంత శుభ్రమైన గాలి, ఎడతెగక వచ్చే శుభ్రమైన డీజిలు, వేడిని తీసివేసే నీరు మరియు ఇంజనాయిలు, మోయగలిగినంత బరువు. నడుస్తూ నడుస్తూ ఆగే ఇంజనులో ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లోపించి ఉంటుంది. ఏది లోపించినదో ఇంజను ఆగిన తీరే చెబుతుంది.

ఆగిన తీరు గమనించండి

ఇంజను ఆగినప్పుడు పానా పట్టుకొనక ముందు నాలుగు ప్రశ్నలు వేసుకొనండి.

ఒకటి, ఎట్లా ఆగినది? చప్పుడు హెచ్చుతగ్గులై, ఊగిసలాడి, నీరసించి ఆగితే డీజిలు సరిగా అందడం లేదన్నమాట. గొంతు నొక్కినట్లు హఠాత్తుగా ఆగితే డీజిలులో నీరు గాని, గొట్టంలో గాలి గాని చేరి ఉండవచ్చును. లేదా గొట్టం తెగి ఉండవచ్చును. మూలుగుతూ, వేగం తగ్గుతూ, బరువు లాగలేక ఆగితే పంపు వైపు గాని, గాలి వైపు గాని చూడవలెను.

రెండు, ఆగక ముందు పొగ ఏ రంగున ఉన్నది? నల్లని పొగ బరువు ఎక్కువైనందుకు గాని, గాలి చాలనందుకు గాని, నాజిల్ సరిగా చల్లనందుకు గాని గుర్తు. నీలిపొగ ఇంజనాయిలు మండుతున్నందుకు గుర్తు. తెల్లని పొగ డీజిలు మండకుండా పోతున్నందుకు, లేక నీరు చేరినందుకు గుర్తు. చలి ఉదయాన మొదటి రెండు మూడు నిమిషాలు తెల్లపొగ వచ్చి తగ్గిపోతే భయపడనవసరం లేదు.

మూడు, చేతితో తిప్పితే ఇంజను తిరుగుతున్నదా? డీకంప్రెషన్ లీవరు ఎత్తి తిప్పినప్పుడు తేలికగా తిరిగితే డీజిలు దారిని వెదకవలెను. బిగిసి ఉంటే ఇంజను వేడెక్కి పట్టుకొన్నదని అర్థం. అప్పుడు హ్యాండిల్ వదలివేయండి. ఏమి చేయవలెనో కింద చెప్పబడినది.

నాలుగు, ఎంతసేపటికి ఆగుతున్నది? ప్రతిసారి దాదాపు అంతేసేపు నడచి ఆగి, కొంత విశ్రాంతి ఇస్తే తిరిగి నడుస్తున్నట్లయితే టాంకు మూతను అనుమానించండి. ఆగిన తరువాత ఎంత తిప్పినా నడువక, గాలి తీసిన తరువాతనే నడుస్తున్నట్లయితే గొట్టాలలోకి గాలి చేరుతున్నది.

డీజిలు దారి: టాంకు నుండి నాజిల్ వరకు

ఇటువంటి ఇంజనుకు ముందుగా చూడవలసినది డీజిలు దారినే. నీరు పారే కాలువలో ఎక్కడ అడ్డుపడినదో తెలుసుకొనడానికి తూము దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తాము గదా! ఇక్కడ కూడ టాంకు దగ్గర మొదలుపెట్టి నాజిల్ వైపుకు రండి.

టాంకు మూత: మూతకు సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. దాని పని చాలామంది గమనించరు. అంగడిలో నూనె డబ్బాకు ఒకే రంధ్రం పొడిస్తే నూనె గుటకలు గుటకలుగా పడి ఆగిపోతుంది. ఎదురుగా రెండవ రంధ్రం పొడిస్తే ధారగా పడుతుంది. లోపలి నూనె బయటికి రావలెనంటే దాని చోటికి గాలి పోవలెను. టాంకు మూత రంధ్రం దుమ్ముతో, జిడ్డుతో పూడిపోతే గాలి లోపలికి పోదు. ఇంజను కొంతసేపు నడచి, డీజిలు దిగక ఆగిపోతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు సందుల గుండా కొంచెం గాలి చేరి మళ్ళీ నడుస్తుంది. మూత పోయినచోట పాలిథిన్ సంచి బిగించి కట్టినా ఇదే జరుగుతుంది. పరీక్ష చాలా సులభం: మూతను వదులు చేసి ఇంజను నడపండి. ఆగకుండా నడిస్తే మీ రోగం తెలిసినట్లే. రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేయండి. ఒక్క పైసా ఖర్చు లేదు.

టాంకు, కుళాయి: డీజిలు మట్టం అడుగుకు దిగితే ఇంజను అదరడం వలన గొట్టంలోకి గాలి పోతుంది. టాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడుపరాదు. కుళాయి పూర్తిగా తెరచి ఉన్నదో లేదో, అదరుకు తనంతట తాను మూసుకొంటున్నదో చూడండి. అడుగున పేరుకొన్న మడ్డిని పంటకొకసారి అయినా తీసివేయవలెను.

ఫిల్టరు: ఫిల్టరు దాటిన తరువాత డీజిలు పంపులోకి పోయే గొట్టాన్ని ఊడదీసి కుళాయి తెరవండి. ధార సమంగా వస్తే అంతవరకు దారి బాగున్నది. చుక్కలు చుక్కలుగా వస్తే ఎక్కడో అడ్డున్నది. అప్పుడు ఫిల్టరుకు ముందున్న గొట్టాన్ని ఊడదీసి చూడండి. అక్కడ ధార బాగా వచ్చి, ఫిల్టరు దాటిన తరువాత రాకపోతే ఫిల్టరు మూసుకొనిపోయినదన్నమాట. అక్కడ కూడ రాకపోతే టాంకులోనో, కుళాయిలోనో, గొట్టంలోనో అడ్డున్నది. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలును. కారిన డీజిలును గిన్నెలో పట్టండి, నేలపాలు చేయవద్దు.

కాగితపు ఫిల్టరును కడిగి మళ్ళీ వాడరాదు. కడిగినప్పుడు కాగితం చిరిగి, దుమ్ము నేరుగా డీజిలు పంపులోకి, నాజిల్‌లోకి పోతుంది. ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన గంటలకు మార్చివేయవలెను. ఫిల్టరు తీసివేసి నడపడం మరింత ప్రమాదం. అది ఒక రోజు గండం గడుపుతుంది, పంపును మాత్రం పాడుచేస్తుంది.

గాలి తీసే విధానం

డీజిలును నొక్కితే అది అణగదు, గాలి అణగుతుంది. అందుచేత గొట్టంలో ఒక బుడగ చేరినా పంపు చేసే ఒత్తిడి ఆ బుడగను నొక్కడంతోనే సరిపోతుంది. నాజిల్ తెరచుకొనదు. ఫిల్టరు మార్చినప్పుడు, టాంకు ఖాళీ అయినప్పుడు, గొట్టం విప్పినప్పుడు తప్పక గాలి తీయవలెను.

టాంకు నింపి కుళాయి తెరవండి. ఫిల్టరుపైనున్న గాలి మరను కొద్దిగా వదులు చేయండి. మొదట నురుగుతో, బుడగలతో డీజిలు వస్తుంది. బుడగలు లేని ధార రాగానే, ధార కారుతుండగానే బిగించండి. తరువాత డీజిలు పంపుపైనున్న మరవద్ద అట్లే చేయండి. చివరకు నాజిల్ దగ్గరి గొట్టపు నట్టును కొద్దిగా వదులు చేసి, డీకంప్రెషన్ లీవరు ఎత్తి హ్యాండిల్ తిప్పండి. అక్కడ బుడగలు లేకుండా డీజిలు చిమ్మగానే నట్టు బిగించండి. మళ్ళీ తిప్పినప్పుడు నాజిల్ వద్ద 'కిర్రు'మనే చప్పుడు వినబడితే డీజిలు లోపలికి చేరుతున్నది.

గాలి తీసిన తరువాత ఇంజను చక్కగా నడచి మరునాడు మళ్ళీ ఆగితే గాలి ఎక్కడి నుండో వస్తున్నదని తెలుసుకొనండి. గొట్టాల కీళ్ళ వద్దనుండే రాగి వాషర్లు, గొట్టాలలో పగుళ్ళు చూడండి. కీళ్ళను పొడిగుడ్డతో తుడిచి, కొంతసేపటి తరువాత చూడండి. తడి కనబడిన చోటనే సందున్నది. అరిగిన వాషరును ఇంకా ఇంకా బిగించి ప్రయోజనం లేదు, మార్చవలెను.

డీజిలులో నీరు

నీరు డీజిలు కంటె బరువైనది గనుక టాంకు అడుగునకు చేరుతుంది. గొట్టం అక్కడినుండే మొదలవుతుంది గనుక ముందుగా ఇంజనులోకి పోయేది ఆ నీరే. నీటి చుక్క నాజిల్‌కు చేరగానే మంట ఆగుతుంది. మిగిలిన నీరు పంపును, నాజిల్‌ను తుప్పు పట్టిస్తుంది.

టాంకు అడుగునుండి కొంచెం డీజిలును తెల్లని గాజు సీసాలో పట్టి పావుగంట కదలకుండా ఉంచండి. అడుగున గీత గీచినట్లు వేరు పొర కనబడితే నీరున్నది. డీజిలు మబ్బుపట్టినట్లున్నా అనుమానించవలసినదే. టాంకు, ఫిల్టరు గిన్నె ఖాళీ చేసి, తుడిచి, మంచి డీజిలు పోసి, గాలి తీయండి.

ఈ నీరు రెండు దారుల వస్తుంది. సగం ఖాళీగా ఉన్న టాంకులోని గాలి రాత్రి చల్లబడి, అందులోని తేమ మంచువలె గోడలకు పట్టి కిందికి జారుతుంది. కాబట్టి పని ముగిసిన సాయంకాలమే టాంకు నింపి ఉంచండి. రెండవ దారి పీపా. ఆరుబయట నిలువుగా పెట్టిన పీపాపై వాన నీరు నిలుస్తుంది. పగలు వేడెక్కిన పీపా రాత్రి చల్లబడినప్పుడు, మూత మర బిగించి ఉన్నా, ఆ నీటిని లోనికి పీల్చుకొంటుంది. పీపాను నీడలో, రెండు మూతలు ఒకే మట్టాన ఉండేటట్లు పండబెట్టి ఉంచవలెను. వాడుకొనేటప్పుడు అడుగున మిగిలే నాలుగు వేళ్ళ డీజిలును ఇంజనుకు పోయవద్దు.

డీజిలులో కిరసనాయిలు కలుపరాదు. డీజిలు పంపుకు, నాజిల్‌కు వేరే కందెన లేదు. డీజిలే వాటికి కందెన. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమ్ముతున్న బి.ఎస్. 6 డీజిలులో గంధకం పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళకు మించదు. గంధకం తీసివేసేటప్పుడు తగ్గే జిడ్డుగుణాన్ని చమురు శుద్ధి కర్మాగారంలోనే వేరే ద్రవ్యం కలిపి సరిచేస్తారు. దానిలో కిరసనాయిలు పోస్తే ఆ గుణం మళ్ళీ తగ్గి పంపు అరిగిపోతుంది.

వేడెక్కి ఆగే ఇంజను

డీజిలు దారి బాగున్నా ఇంజను ఆగుతున్నట్లయితే వేడిని చూడండి. నీటితో చల్లబడే ఇంజనులకు చాలాచోట్ల ఆ నీరు మన పంపునుండే చిన్న గొట్టం ద్వారా వస్తుంది. ఇక్కడొక మెలిక ఉన్నది. బావిలో నీటిమట్టం తగ్గి పంపు గాలి పీల్చినా, ఫుట్ వాల్వులో చెత్త పడి నీరు జారిపోయినా పొలానికి నీరు ఆగడంతోపాటు ఇంజనుకు కూడ నీరు ఆగిపోతుంది. బరువు తగ్గిన ఇంజను హాయిగానే నడుస్తున్నట్లుంటుంది. రైతు గట్టు మీద దూరాన ఉంటాడు. లోపల మాత్రం వేడి పెరుగుతూ ఉంటుంది. చివరకు పిస్టను వేడికి ఉబ్బి, ఇంజనాయిలు పొర తెగి, సిలిండరును పట్టుకొంటుంది.

కాబట్టి ఇంజనునుండి బయటికి వచ్చే నీటిని మడవ మార్చినప్పుడెల్లా చూడవలెను. ధార సన్నగిల్లినా, ఆవిరి వచ్చినా ఇంజను ఆపండి. ఒండ్రు, నాచు చేరి ఆ చిన్న గొట్టం పూడిపోవడం తరచు జరిగేదే. ప్రతిరోజు ఇంజను నడుపకముందు, సమమైన నేలపై ఉండగా కొలపుల్లతో ఇంజనాయిలు మట్టం చూడండి.

పట్టుకొన్న ఇంజనుపై చన్నీళ్ళు కుమ్మరించరాదు. వేడి ఇనుము ఒక్కసారిగా చల్లబడి పగులుతుంది. గంటలు పట్టినా తనంతట తాను చల్లారనివ్వండి. చల్లారిన తరువాత ఇంజనాయిలు చూచి, చేతితో మెల్లగా తిప్పండి. తిరగకపోయినా, తిరిగేటప్పుడు గీరుకొన్నట్లున్నా మెకానిక్కు చూడకుండా నడుపరాదు.

బరువు మోయలేక ఆగే ఇంజను

నల్లపొగ వదలుతూ మూలిగి ఆగే ఇంజనుకు ముందు గాలి దారిని చూడండి. కుప్ప నూర్చే కాలంలో దుమ్ము, ఊక ఎక్కువ. ఎయిర్ క్లీనరు మూసుకొనిపోతుంది. ఆయిలు గిన్నె గల క్లీనరైతే గిన్నె కడిగి గుర్తు వరకు కొత్త ఆయిలు పోయండి. దుమ్ము కాలంలో ఈ పని రోజూ చేసినా ఎక్కువ కాదు. సైలెన్సరులో మసి పేరుకొన్నా పొగ బయటికి పోలేక ఇంజను కుంగుతుంది.

తరువాత పంపును ఇంజనునుండి విడదీసి ఇంజనును ఒంటరిగా నడపండి. అప్పుడు బాగా నడిస్తే దోషం పంపు వైపున్నది. పంపును చేతితో తిప్పి చూడండి. గ్లాండు మరీ బిగించి ఉన్నా, బేరింగు పోయినా, లోపల రాయి, పుల్ల చిక్కినా గట్టిగా తిరుగుతుంది. గ్లాండు వద్ద చుక్కచుక్కగా నీరు కారడం మంచిదే. దానిని పూర్తిగా ఆపవలెనని బిగించకండి.

వేగం పెంచితే నీరు ఎక్కువ వస్తుందని కొందరు గవర్నరును బిగిస్తారు, లేదా ఇంజను వైపు పెద్ద కప్పీ వేస్తారు. పంపు వేగం 10 శాతం పెరిగితే నీరు సుమారు 10 శాతం పెరుగుతుంది. కాని దానికి కావలసిన శక్తి సుమారు 33 శాతం పెరుగుతుంది. ఆ బరువు చిన్న ఇంజను మోయలేదు. ఇంకొక సంగతి: మామూలు సెంట్రిఫ్యూగల్ పంపుతో నీటిని ఎత్తుకు కాక పల్లానికి పోసినప్పుడు, లేక డెలివరీ గొట్టం ఊడినప్పుడు నీరు ఎక్కువగా పోయి ఇంజనుపై బరువు తగ్గదు సరిగదా, పెరుగుతుంది. అటువంటిచోట డెలివరీ వాల్వును కొంత మూసి నడపండి.

ప్రాణం ముందు, పైరు తరువాత

నీరు అందడం కొరకు ఇంజనును బావిలోని అరుగుపైకి దించే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. ఇది ప్రాణాంతకం. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి ఆడని బావిలో అది పోగవుతుంది. ఆగిన ఇంజనును మళ్ళీ నడపడానికి దిగిన మనిషి తల తిరిగి, కాళ్ళు తేలిపోయి, అరవడానికి కూడ శక్తి లేక పడిపోతాడు. అతనిని తీయడానికి దిగిన రెండవ మనిషికీ అదే గతి. దీపం దించి చూచి, ఆరలేదు గనుక ప్రమాదం లేదనుకోరాదు. ఊపిరాడనంతగా గాలి చెడితే దీపం ఆరుతుంది గాని, మనిషిని చంపగల ఈ విషవాయువు ఉన్నా దీపం వెలుగుతూనే ఉండవచ్చును. ఇంజను ఒడ్డునే, గాలి ఆడే చోటనే ఉండవలెను. మూసిన కొట్టంలో నడుపరాదు. పంపు నీటిని ఎత్తిపీల్చే లోతు ఆరేడు మీటర్లకు మించితే ఇంజనును దించడం మార్గం కాదు. ఆ బావికి తగిన వేరే రకం పంపు చూచుకొనవలెను. ఎవరైనా బావిలో పడిపోతే వెంట దిగకండి. అగ్నిమాపక దళానికి 101కు గాని, 112కు గాని ఫోను చేయండి.

నాజిల్ చిమ్మే తుంపర ముందు చేయి పెట్టరాదు. చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడితో వచ్చే డీజిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవలెను. బెల్టు దగ్గరికి కండువాతో, జారే పంచెతో పోకండి. హ్యాండిల్ పట్టుకొనేటప్పుడు బొటనవ్రేలును మిగిలిన వ్రేళ్ళ వైపే ఉంచండి. ఇంజను ఎదురు తన్నినప్పుడు చేయి విరగకుండా జారిపోతుంది.

మెకానిక్కును పిలువవలసిన సమయం

డీజిలు, గాలి, నీరు, బరువు అన్నీ క్రమంగా చూచిన తరువాత కూడ ఇంజను ఆగుతున్నట్లయితే మిగిలినది నాజిల్, డీజిలు పంపు, వాల్వులు, రింగులు, గవర్నరు. ఇవి పొలం గట్టుపై విప్పదగినవి కావు. డీజిలు పంపు లోపలి భాగాలు ఒకదానిలో ఒకటి వెంట్రుక కంటె ఎంతో సన్నని సందుతో కూర్చి ఉంటాయి. వేలికంటిన దుమ్ము చాలును వాటిని గీయడానికి. నాజిల్ ఒత్తిడిని పరీక్షించే పరికరం గల చోటనే దానిని సరిచేయించవలెను.

మెకానిక్కు వచ్చేసరికి మీరు చూచినదంతా చెప్పగలిగితే అతని పని సగం తగ్గుతుంది, మీ ఖర్చూ తగ్గుతుంది. ఇందుకొక చిన్న నోటుపుస్తకం చాలును. ఇంజను నడపిన గంటలు, పోసిన డీజిలు, ఇంజనాయిలు, ఫిల్టరు మార్చిన తేదీలు, ఆగినప్పుడు ఎంతసేపటికి ఆగినది, పొగ రంగు, మీరు చేసిన మార్పు వ్రాసి ఉంచండి. 5 గుర్రాల శక్తి ఇంజను నిండు బరువుతో గంటకు సుమారు ఒక లీటరు డీజిలు తాగుతుంది. మీ పుస్తకంలో ఈ అంకె నెల నెలకు పెరుగుతూ వస్తే, ఇంజను ఆగకముందే దాని రోగం మీకు తెలిసిపోతుంది.

నాట్లకు, కీలక దశలకు ముందుగా ఒక రోజు కేటాయించుకొని టాంకు కడిగి, ఫిల్టరు మార్చి, వాషర్లు చూచి, ఫుట్ వాల్వు శుభ్రం చేయించండి. రెండు రాగి వాషర్లు, ఒక ఫిల్టరు, సరిపోయే పానాలు ఇంజను కొట్టంలో ఎప్పుడూ ఉంచుకొనండి. పైరు దాహం వేసినప్పుడు కాక, అంతకు ముందే ఇంజనును చూచుకొన్న రైతు వంతు నీటిని చివరి మడి వరకు పారించుకోగలడు.